మామయ్య చేయి, ఎనిమిది వందల గడులు

మామయ్యని ఆ ఆఫీసుకి తీసుకెళ్లింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, లేకపోతే అత్తయ్య చెబుతుంది.

ముప్పై ఏళ్లు ఆయన ఫార్సీ లిపి రాశాడు. పద్యాల పుస్తకాలు, దుకాణాల బోర్డులు, సమాధి రాళ్లు, ఏదొస్తే అది. నేలమీద కూర్చుని, కుడి మోకాలు పైకెత్తి, దానిమీద కాగితం పెట్టుకుని, మొన ఏటవాలుగా కోసిన రెల్లు కలంతో రాసేవాడు. ఆ రాతలో మాట పైనెక్కడో మొదలై, మెట్లు దిగినట్టు కిందికి జారి, గీతమీద వచ్చి కూర్చుంటుంది. ఒకే అక్షరం పక్కన ఎవరున్నారో చూసి ఒళ్లు మార్చుకుంటుంది. "అక్షరానికి సొంత బుద్ధి ఉండదురా, పక్కవాణ్ని బట్టి నడుస్తుంది, మీ నాన్నలాగా" అనేవాడు.

కంప్యూటర్లొచ్చాక పుస్తకాలు పోయాయి, బోర్డులూ పోయాయి. సమాధి రాళ్లే మిగిలాయి. అప్పటికి నేను వాళ్లింట్లోనే ఉంటూ, ఫాంట్లు తయారుచేసే ఆఫీసులో చేరాను. నాకు డిగ్రీ లేదు. లైబ్రరీలో దొరికినవన్నీ నమిలి మింగి నేర్చుకున్న పని: అక్షరం అంచు చుట్టూ తెరమీద చుక్కలు పెట్టి, వాటి మధ్య వంపులు సరిచేయడం. మేనేజరుకి ఒక ఉస్తాదు చేతిరాత ఫాంటుగా కావాలి. నాకు ప్రమోషన్ కావాలి. మామయ్యకి పని కావాలి.

మొదట్లో ఆయన మాటలు మాటలుగా రాసిచ్చాడు. నేను కోసి అక్షరాలు విడదీశాను. అతుకులు కలవలేదు. అప్పుడు నాకొక తెలివి పుట్టింది. కాగితంమీద గడులు అచ్చువేయించాను. ప్రతి అక్షరమూ, దాని కలయికలూ కలిపి ఎనిమిది వందల పైచిలుకు. ఒక్కో రూపం మూడు కాగితాలమీద మూడుసార్లు రాయాలి. అడుగున దీపమున్న గాజుబల్లమీద మూడూ ఒకదానిమీద ఒకటి పెడితే ఒకటే కనిపించాలి, లేకపోతే మళ్లీ రాయాలి. ఈ నియమం నాదే. మేనేజరు భుజం తట్టాడు.

మొదటి నెల మామయ్య నన్ను తిట్టని తిట్టు లేదు. కాగితం బల్లకి అతికిస్తే చేయి ఆడదన్నాడు. మోకాలు కావాలన్నాడు. మేనేజరు కుర్చీ ఎత్తు పెంచాడు. రెండో ఏడాదికి, రాసిన తొలిసారే మూడూ కలిసిపోయేవి. ఆఫీసులో ఆయనకి జిరాక్సు అని పేరు పెట్టారు. ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వాను.

ఆ రోజుల్లోనే, పుస్తకాలు వేసే ఒక పెద్దావిడ, పాత పరిచయం, ఇంటికొచ్చింది. ఒక పద్యాల పుస్తకం మొత్తం చేత్తో రాయించాలట, కనీసం రెండేళ్ల పని. ముందొక పేజీ రాసి చూపిస్తే చాలంది, పదిరోజుల్లో వస్తానంది. ఆవిడ గడప దాటగానే మామయ్య, ఈ పని చేతికొస్తే ఆఫీసు మానేస్తానని అత్తయ్యతో చెప్పాడు. నాతో చెప్పలేదు. నేను పక్కగదిలోనే ఉన్నాను.

కలం సిరా ఎక్కువ పీల్చకుండా సిరాబుడ్డిలో కొత్త పట్టుపీచు వేశాడు, కలాలు కోసుకున్నాడు. రోజూ ఆఫీసుకి ముందు రెండు గంటలు కూర్చున్నాడు. అత్తయ్యకి ఆ లిపి చదవడం రాదు. మూడోరోజు టీ పెట్టి వెళ్తూ కాగితంవైపు చూసి, "ఆఫీసుది ఇంటికెందుకు తెచ్చారు?" అంది. ఆయన ఆ కాగితం తీసేసి ఇంకొకటి పెట్టుకున్నాడు.

నేను వెళ్లి చూశాను. ప్రతి అక్షరమూ నిక్కచ్చిగా ఉంది. ఏదీ పక్కదాన్ని పట్టించుకోలేదు, బస్సుకోసం నిలబడ్డ కొత్తవాళ్లలా. మాట దిగడం లేదు. అక్షరం చివర కలం కనపడని గోడకి తగిలినట్టు ఆగి, మళ్లీ మొదలవుతోంది. మోకాలు మార్చాడు, లావు కలం పట్టాడు, కళ్లు మూసుకుని రాశాడు. తన పాత పేజీ ఎదురుగా పెట్టుకుని దించాడు. అది దొంగసంతకంలా వచ్చింది.

తొమ్మిదోరోజు సిగ్గు విడిచి ఒక సలహా ఇచ్చాను. పేజీని మన ఫాంటులోనే కూర్చి, పల్చగా అచ్చుతీసి, దానిమీద సిరా దిద్దితే సరి, ఆవిడకేం తెలుస్తుంది అన్నాను.

"దిద్దడమెందుకురా," అన్నాడు మామయ్య, "దిద్దకుండానే అలా వస్తోందిగా."

మర్నాడు ఆవిడ వచ్చింది. కూర్చోకముందే ఆయన పేజీ చేతికిచ్చాడు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుంది, తీసింది. చేయి నొప్పేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాడు. పోనీ ఇంకో నెల తీసుకోమంది. ఆ మాటతో నా ప్రాణం లేచొచ్చింది. మామయ్య తల అడ్డంగా ఊపాడు.

చేపల మార్కెట్టు వెనకాల ఒకాయన ఉన్నాడని చెప్పాడు. దుకాణాలకి ధరల అట్టలు రాసుకుని బతుకుతాడు. కోడి గెలికినట్టు రాస్తాడని ఇరవై ఏళ్లుగా మామయ్య వెక్కిరించేది అతన్నే.

"అతని రాత వంకర కదండీ," అందావిడ.

"వంకరే. కానీ కిందికి దిగుతుందమ్మా. అతనికివ్వండి."

దారి కూడా ఆయనే చెప్పాడు. రెండో సందు, ఇనుప మెట్లు, తలుపు కొడితే వినపడదు, కిటికీమీద కొట్టాలి. ఆవిడ రాసుకుని వెళ్లిపోయింది.

మామయ్య గడియారం చూసి చొక్కా మార్చుకున్నాడు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఇంకెన్ని గడులున్నాయని అడిగాడు. నూట పన్నెండు అన్నాను. అవి అయ్యాక ఇదే ఫాంటు లావు అక్షరాల్లో కావాలని, గడులన్నీ మళ్లీ మొదటినుంచి రాయాలని మేనేజరు వారం కిందటే నాతో అన్నాడు. ఆ సంగతి మామయ్యకి చెప్పలేదు.