పోలీసులకు తెలిసినదీ, ఓర్ట్విన్ గారికి తెలియనిదీ

పోలీసులు తనని పట్టించుకోనందుకు మనిషికి కలిగే బాధ గురించి పెద్దలెవరూ రాసినట్టు లేదు. ఆ లోటు తీర్చే భారం బెర్లిన్‌లో ఇల్లొకచోటా కూరగాయల మడులొకచోటా ఉన్నవాళ్ళ కోసం వెలసిన మా తోటల కాలనీలో, పదిహేడో నంబరు తోట అద్దెకు తీసుకున్న ఓర్ట్విన్ హాసెల్‌బ్రింక్ గారి మీద పడింది.

ఆయన రిటైరైన భూగోళం మాస్టారు. జనాభా లెక్కల కాగితం నింపనని భీష్మించుకుని జరిమానా కట్టిన తరం మనిషి. "నా ఇంట్లో గదులెన్నో ప్రభుత్వానికెందుకు?" అన్నంత గట్టిగా ఆయన యౌవనంలో ఇంకే మాటా పలకలేదు, ప్రేమ మాటలతో సహా. పెళ్ళి కాకపోవడానికి అదే కారణమనేవాళ్ళున్నారు. ఆయనకీ సెల్‌ఫోను ఉంది. అది ఇంట్లో బిస్కత్తుల డబ్బాలో, స్విచ్చి ఆపేసి ఉంటుంది. వెంట తీసుకుపోయే ఫోను ఫోను కాదట, మెడలో గంటట.

అలాంటి మనిషి మా కాలనీలో చేరడం విధి విలాసం. ఇక్కడి నిబంధనల ప్రకారం కంచె మొక్కలు ఛాతీ ఎత్తు మించరాదు. ఎవరేం నాటారో, ఏం తిన్నారో, ఎవరి లాగు ఎక్కడ ఆరుతోందో అంతా బహిరంగమే. పక్క తోట ట్రౌడెల్ పీస్కె గారిది. ఒకప్పుడు ట్రాము నడిపేది, భర్త పోయి చాలాకాలమైంది. ఇప్పుడు కాసిన ప్రతి గుమ్మడికాయకీ ఫొటో తీసి చెల్లెలికి పంపుతుంటుంది. కంచె మీదుగా ఇద్దరి మధ్యా ఇరవై ఏళ్ళుగా కాఫీ కప్పులు అటూ ఇటూ వెళుతున్నాయి. అయినా ఇంకా "మీరు" దగ్గరే ఉన్నారు. మిగతా కాలనీ మొదటి బీరుకే "నువ్వు"లోకి దిగిపోతుంది. ఓర్ట్విన్ గారి దృష్టిలో "నువ్వు" అనడం వారంటు లేకుండా ఇల్లు సోదా చేయడంతో సమానం.

మా ఊళ్ళో ఒక ఏర్పాటుంది. ఎక్కడైనా నేరం జరిగితే, ఆ వేళకి అక్కడి టవరుకి తగిలిన ఫోను నంబర్లన్నీ పోలీసులు కోర్టు అనుమతితో తెప్పించుకుంటారు. ఆ వలలో మనం పడ్డామో లేదో తెలియాలంటే మన నంబరు ముందే నమోదు చేయించుకోవాలి. కేసు మూసేశాక మెసేజి వస్తుంది. ఓర్ట్విన్ గారు ఒక వేసవంతా ఆపిల్ కేకు పట్టుకుని తోటతోటకీ తిరిగి అందరిచేతా నమోదు చేయించారు. పౌరహక్కుల మీద ఉపన్యాసం చివరిదాకా విన్నవాళ్ళకే కేకు.

ఆ ఆగస్టులో, మేమంతా బొగ్గుల మీద సాసేజీలు కాల్చుకుంటున్న సాయంత్రం, వెనక వీధిలో ఎవరో ఖరీదైన కారు తగలబెట్టారు. తగలబెట్టినవాడు దొరకలేదు. మరుసటి వసంతంలో మేం బంగాళాదుంపలు నాటుకుంటుంటే కాలనీలో ఫోన్లు వరసగా కుయ్యిమన్నాయి.

ట్రౌడెల్ గారు కంచె మీద మోచేతులాన్చింది. "హాసెల్‌బ్రింక్ గారూ, నేను పోలీసు లెక్కల్లోకి ఎక్కానండోయ్! మీకూ వచ్చిందిగా?"

"నా ఫోను ఆ రోజు ఇంట్లో ఉంది."

"అయ్యయ్యో," అంది ఆవిడ, ఎవరో పోయారని విన్న గొంతుతో.

ముప్పై ఐదేళ్ళు ఉపవాసాలూ జాగారాలూ చేసింది ఈయన. దేవుడు ప్రత్యక్షమైంది పక్కతోటావిడకి. తొమ్మిదో నంబరు తోట హెల్మూట్ అయితే ఆ మెసేజిని కాగితం మీద అచ్చేయించి గుడిసె తలుపుకి అంటించాడు. ఓర్ట్విన్ గారు ఆ దారిన నడవడం మానేశారు.

ఆయన సభ్యుడిగా ఉన్న పౌరహక్కుల సంఘానికి లాయరు సెవ్గీ ఓనాట్. ఒకప్పటి ఆయన శిష్యురాలే. ఇలాంటి కేసు కోసం సంఘం ఏళ్ళతరబడి కాచుకుని ఉంది.

"పిటిషను నేనే వేస్తాను," అన్నారాయన.

"కుదరదు మాస్టారూ. వలలో పడ్డవాళ్ళే వెయ్యాలి."

"నేనూ అక్కడే ఉన్నానమ్మా! నాలుగు సాసేజీలు తిన్నాను!"

"మీరున్నారు. మీ ఫోను లేదు. కోర్టుకి కావలసింది ఫోను."

హెల్మూటూ మిగతావాళ్ళూ కోర్టు పేరు వినగానే జారుకున్నారు. మిగిలింది ట్రౌడెల్ గారు.

"నాకెందుకండీ ఈ గోల? నా దగ్గర దాచుకునేదేముంది, గుమ్మడికాయలు తప్ప?"

"మీరక్కడ ఉన్నారన్న సంగతొక్కటే కాదు," అన్నారు ఓర్ట్విన్ గారు. "ఆ సాయంత్రం మీరెవరితో మాట్లాడారో, ఎంతసేపు మాట్లాడారో కూడా వాళ్ళ దగ్గరుంది."

ఆవిడ చేతిలో పార ఆగిపోయింది. "ఎవరితోనో కూడానా?"

"నంబరుతో సహా."

ఆవిడ మెడ ఎర్రబడింది. "వాళ్ళకేం పని? నా నోరు, నా ఇష్టం! ఎక్కడ పెట్టాలి సంతకం?"

ఉద్యమ చరిత్రలో ఇంత తొందరగా కళ్ళు తెరిచిన మనిషి లేదు. ఆయన సంతోషించవలసిన ఘడియ. సంతోషించలేకపోయారు. ఎందుకంటే అప్పుడే గుర్తొచ్చింది: ఆ సాయంత్రం ఆవిడ చేతిలో ప్లేటు పక్కన పెట్టి, ఎరువు కుప్ప దాకా నడిచి వెళ్ళి, చాలాసేపు ఫోనులో మాట్లాడింది. మెల్లగా నవ్వింది కూడా. చెల్లెలితోనైతే ఆవిడ నవ్వదు, అరుస్తుంది.

ఎవడు వాడు? ఆవిడ మనసులో ఎవరైనా ఉన్నారా అని ఇరవై ఏళ్ళుగా ఆయన గొంతులోనే నలుగుతున్న ప్రశ్నకి జవాబు, ఆవిడ చేతి కాఫీ చుక్క కూడా ఎరగని ఎవరో ఇన్‌స్పెక్టరుకి తెలుసు! అంతవరకూ పోలీసుల మీద ఆయనకున్నది సిద్ధాంతపరమైన కోపం. ఇప్పుడది కల్తీలేని అసూయ. ఆ వారమంతా కాలనీలో తోడులేని మగవాళ్ళనందరినీ ఆయన ఒక్కొక్కరినే తూకం వేశారు. ఒకరోజు మానేసిన దారి పట్టి హెల్మూట్ తోటకే వెళ్ళారు.

"ఆ రోజు సాయంత్రం మీరు పెందరాళే వెళ్ళిపోయారు కదూ హెల్మూట్ గారూ? ఇంటికెళ్ళి ఎవరికైనా ఫోను చేశారా?"

"ఏమిటండీ మాస్టారూ," అన్నాడు హెల్మూట్, "ఈ వయసులో పోలీసుల్లో చేరారా?"

ఆ మాట దెబ్బలా తగిలింది. అయినా మంట చల్లారలేదు.

పోలీసుల దగ్గరున్న వివరాలు లాయరు చేతికొచ్చిన రోజున ఇద్దరూ కలిసే వెళ్ళారు. సెవ్గీ కంప్యూటరు తెర తనవైపు తిప్పుకుంది. "పీస్కె గారూ, మీ నంబరు తాలూకువన్నీ వచ్చాయి. చూద్దాం. మాస్టారు ఉండొచ్చా?"

ట్రౌడెల్ గారు ఆయన వంక చూసింది. "ఆయనిష్టం."

వద్దంటే వెళ్ళిపోయేవారు. ఉండమంటే ఉండిపోయేవారు, ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయనిష్టమట! దేశ రాజ్యాంగంలో కూడా ఇంత కఠినమైన వాక్యం లేదు. మూరెడు దూరంలో ఆ తెర. మెడ కాస్త సాచితే చాలు.

ఓర్ట్విన్ గారు లేచారు. "అది ఆవిడ సొంత సంగతమ్మా సెవ్గీ," అన్నారు, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుంటే. వసారాలో నిలబడితే పాత తలుపు గుండా లోపలి మాటలు లీలగా వస్తున్నాయి. అందుకని మెట్లన్నీ దిగి వీధిలోకి వచ్చి, చప్పుడు బాగా ఉన్నచోటు చూసుకుని, రోడ్డు తవ్వే మిషను పక్కన నిలబడ్డారు.

ఆవిడ దిగి వచ్చింది. "పిటిషను వేస్తున్నాం."

"చాలా మంచిది."

ట్రాము ఎక్కారు. ఆవిడ పక్క సీటు మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆయన కూర్చున్నారు.

"ఏమీ అడగరేం?"

"అడగకూడదు."

"నాకు చెప్పాలనిపిస్తే?"

"అది మీ హక్కు," అన్నారు.

"అవును కదూ," అంది ఆవిడ, ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు. తెలిసిన హక్కుని ఒళ్ళోని సంచితోపాటు భద్రంగా పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చాలా స్టాపులు వెళ్ళిపోయాయి. ఆవిడ చెప్పలేదు.

దిగే ముందు ఆయన మొహం చూసి కంగారుపడింది. "అలా అయిపోయారేం? ఒంట్లో బాగులేదా?"

"ఏం లేదండీ," అన్నారు ఓర్ట్విన్ గారు. "సిద్ధాంతం."