వేడినీళ్ల డ్రమ్ముకు నేను బిగించిన వాల్వు

ఒంటినిండా సున్నిపిండితో, నడుముకు తువ్వాలుతో పిల్లనిచ్చిన మా మామయ్య కాలనీ రోడ్డు మీద పరిగెత్తారు. పరిగెత్తించిన ఘనుణ్ని నేనే. అదెలాగో చెబుతాను, అప్పుడే నవ్వకండి.

ఎనభైల నాటి మాట. పాల్వంచలో ఫిట్టరుగా కొత్తగా చేరాను. కొత్త పెళ్లి, కొత్త క్వార్టరు, కొత్త పొగరు. చలికాలంలో పెనుబల్లి నుంచి మామయ్య వస్తున్నారని పెరట్లో ఒక ఇనుప డ్రమ్ముకు మూత వెల్డింగ్ చేయించి, కింద కట్టెల పొయ్యి పెట్టాను. గోడ మీద చిన్న నీళ్ల ట్యాంకు. అందులోంచి డ్రమ్ముకు ఒక పైపు, డ్రమ్ము నుంచి స్నానాల గదికి ఇంకో పైపు. కుళాయి తిప్పితే వేడినీళ్లు! కాలనీ అంతా వచ్చి చూసిపోయింది.

ఒకటే బాధ. డ్రమ్ము కాగేకొద్దీ వేడి ఆ ట్యాంకు పైపులోంచి ఎగబాకి పై ట్యాంకు కూడా గోరువెచ్చనయ్యేది. కట్టెలు నావి, సుఖం ట్యాంకుదా? ఆ పైపు మధ్యలో ఒక వాల్వు బిగించాను. మామయ్య వచ్చిన రోజు డ్రమ్ము నిండగానే దాన్ని మూసేసి పొయ్యి రాజేశాను.

"అది మూస్తే ఏం గాదా?" అంది నా భార్య సుజాత.

"ఏమైతది? వేడి యాడికీ పోదు."

నిజంగానే ఎక్కడికీ పోలేదు. కాగిన నీళ్లు ఉబ్బుతాయి కదా, ఆ ఉబ్బు పోవడానికున్న ఒకే దారి పై ట్యాంకు. దానికి నేను గొళ్లెం పెట్టాను!

మామయ్య పెరట్లో పీట మీద కూర్చుని సున్నిపిండి రుద్దుకుంటున్నారు. డ్రమ్ము మూలిగింది. తర్వాత విందులో నాలుగోసారి వడ్డించుకున్నవాడిలా పొట్ట ముందుకు పెట్టింది.

"అల్లుడూ, ఏంది గిది? ఎవర్నో తిడుతున్నట్టుంది!"

"నీళ్లు కాగుతున్నయ్ మామయ్యా."

"కాగే నీళ్లు గిట్ల గురక పెడతయా?"

అప్పుడు వెలిగింది నా బుర్ర. వాల్వు మీద చెయ్యి వేశానో లేదో చురుక్కుమంది. అతుకులోంచి బుస్సుమని ఆవిరి.

"ఉరకండి!" అని అరిచాను. ముగ్గురం రోడ్డు మీద పడ్డాం. వెనక ఫట్‌మని మోత.

గోడ పక్కనుంచి తొంగిచూశాను. మూత అతుకు విచ్చుకుంది; నీళ్లన్నీ పొయ్యిలోకి దూకి మంటను ఆర్పేశాయి. ఎవరికీ చిన్న బొబ్బ కూడా లేదు.

"నాయనా, నీకేం గాలే గదా?" సుజాత తండ్రి చేతులు తడిమి చూసింది.

"నాకేం గాలే బిడ్డా. అల్లుడు నీళ్లు మస్తుగ కాగబెట్టిండు. బకెట్లకే రాలే, గంతే."

ఆ చలిలో ఆయన చన్నీళ్లే పోసుకున్నారు. ఆయన పళ్ల టకటక వింటూ నేను గంభీరంగా ప్రమాణం చేశాను: ఇక జన్మలో ఉబ్బే నీళ్ల దారికి అడ్డం పడను. ఇవాళ్టికీ ఎవరింటికి వెళ్లినా, వాళ్ల వేడినీళ్ల పైపు పైకొస నోరు తెరుచుకుని ఉందో లేదో చూశాకే గడప దాటుతాను.