ఫిల్టర్లకు జతచేసిన విన్నపం

పిలిచింది వాళ్ళే. శాంతి సేన తమ దేశానికి రావాలని సంతకం పెట్టి, విమానాశ్రయంలో పూలిచ్చి ఫొటోలు దిగిన ప్రభుత్వమే, ఆ సేన తాగే నీళ్ళ ఫిల్టర్లను రేవులో ఆపేసింది. భోజనానికి పిలిచి వంటింటికి తాళం వేసుకునే మనుషులు మనకూ తెలుసు. కానీ వాళ్ళు కనీసం మొహం చాటేస్తారు. వీళ్ళు ప్రతి ఉత్తరం చివరా మా సంపూర్ణ సహకారం మీకుంటుందని సిగ్గు లేకుండా రాసేవారు.

ఆ ఉత్తరాలు చదవడం నా ఉద్యోగం. కెనడాలోని ఓక్‌విల్‌లో ఒక చిన్న సరకు రవాణా కంపెనీలో పనిచేస్తాను. ఆఫ్రికాలో ఒక దేశంలో ఉన్న శాంతి సేన శిబిరానికి మేం సామాన్లు పంపుతాం. డీజిల్ నుంచి దోమతెరల దాకా ప్రతిదానికీ ఆ ప్రభుత్వం అనుమతి కావాలి. మా బాస్ గది గోడ మీద పెద్ద ప్రపంచపటం ఉండేది. శాంతి సేన అనేది కెనడా వాళ్ళ రక్తంలోనే ఉందని వచ్చినవాళ్ళందరికీ దాని ముందు నిలబడి చెప్పేవాడు. ఆయన రక్తం సంగతి నాకు తెలియదు గానీ, చేతిలో మాత్రం ఎప్పుడూ కాఫీ కప్పే ఉండేది. ఫోన్లు నేనే చేసేదాన్ని.

శిబిరంలో సరకులు చూసేది మన సైన్యం నుంచి వెళ్ళిన ఒక సుబేదార్ గారు. శ్రీకాకుళం మనిషి. మొదటి ఫోన్‌లోనే నా ఇంగ్లిష్ విని "తెలుగోళ్ళా మేడమ్?" అన్నారు. ఆ రోజు నుంచి మా మాటలన్నీ తెలుగులోనే.

"డీజిల్ సగానికి కోసేసినారు మేడమ్. అది ఎలాగోలా సర్దుకుంటాం. మాకు బాటిల్ నీళ్ళున్నాయి. కంచె పక్కనున్న జనానికేటి ఇస్తాం? పాత ఫిల్టర్లు పాడైపోనాయి, కొత్తవి రేవులోనే ఉండిపోనాయి. పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి" అన్నారొక రోజు.

కంచె పక్కనున్న జనమంటే, ఊళ్ళు తగలబడిపోయాక శిబిరాన్ని నమ్ముకుని ప్లాస్టిక్ పట్టాల కింద బతుకుతున్నవాళ్ళు. శిబిరం ఫిల్టర్ల నుంచి వచ్చే నీళ్ళే వాళ్ళకు దిక్కు.

అనుమతి ఫారంలో 'దేనికోసం' అని ఒక గడి ఉంటుంది. నాకు ముందు ఆ సీట్లో కూర్చున్నవాళ్ళు అందులో 'శిబిరం అవసరాలకు' అని రెండు ముక్కలు రాసి వదిలేసేవారు; అనుమతి ముద్ర పడేది. నేను ఊరుకుంటానా! కర్నూలులో మా నాన్న రేషన్ కార్డులో పేరు దిద్దించాలన్నా ఒట్టి ఫారం ఇచ్చేవాడు కాదు. "అయ్యా, తమకు విన్నవించుకొనునది ఏమనగా" అని తెల్లకాగితం నిండా ఇంటి కష్టమంతా రాసి, వెనకాల గుచ్చేవాడు. కష్టం కళ్ళకు కట్టినట్టు చెబితే గుమాస్తా మనసు కరుగుతుందని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం. నేనూ అదే చేశాను. పిల్లల విరేచనాలు, వాళ్ళు ఉంటున్నది కంచెకు ఏ వైపు, ఏ ఊళ్ళ నుంచి వచ్చారు, అన్నీ పేజీ నిండా రాసి, దయతో పరిశీలించమని వేడుకున్నాను. బాస్ చదివి, "బ్యూటిఫుల్" అన్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఇద్దరు మేధావులం కలిసి దాన్ని పంపించాం.

నాలుగో రోజే జవాబొచ్చింది. దేశ భద్రత దృష్ట్యా తిరస్కరించడమైనది. సంపూర్ణ సహకారం మాత్రం యథాప్రకారం.

నేను పంపిన కాగితం సుబేదార్ గారికి ఫోన్‌లో చదివి వినిపించాను. "ఏటి మేడమ్, అలా రాసేసినారు? ఆ ఊళ్ళు కాల్చింది ఈ ప్రభుత్వం సిపాయిలే కదా. ఈ జనానికి నీళ్ళు దొరక్కూడదనే కదా ఇదంతా!" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది.

ఒకసారి కాదన్నాక మూడు వారాలు ఆగితే గాని మళ్ళీ ఫారం పెట్టుకోనివ్వరు. ఆగాను. ఈసారి గడిలో 'శిబిరం అధికారుల స్నానాల గదులకు' అని రాశాను. రెండు రోజుల్లో ముద్ర పడింది. ఆకలి, దాహం అంటే భద్రతకు ముప్పు గానీ, అధికారులు శుభ్రంగా స్నానం చేస్తామంటే అనుమతులిచ్చే మంత్రిగారికి ఏ అభ్యంతరమూ లేదు. మా బాస్ డోనట్ల పెట్టె తెప్పించి, దౌత్యం అంటే ఇదీ అని పటం ముందు ప్రసంగించాడు. నేనూ ఒక డోనట్ తిన్నాను. సంతోషంగానే తిన్నాను.

మరో రెండు రోజులకు ఫిల్టర్లు శిబిరానికి చేరాయి. మర్నాడే సుబేదార్ గారికి ఫోన్ చేశాను.

"బిగించేసినాం మేడమ్. నీళ్ళు శుభ్రంగా వస్తున్నాయి."

"కంచె పక్కనున్నోళ్ళు తాగుతున్నారా సార్?"

"ఆళ్ళిక్కడ నేరు మేడమ్. పోయిన వారం పాత ఫిల్టర్లు పూర్తిగా ఆగిపోతే నీళ్ళ కోసం నది కాడికి ఎల్లిపోనారు. దారిలో సిపాయిలున్నారు, ఎల్లొద్దని చెప్పినాం. పిల్లలు దాహానికి ఏడుస్తుంటే మా మాట ఎవులింటారు?"

"ఎవరన్నా తిరిగొచ్చినారా?"

"నేదు మేడమ్."

ఆ ప్రభుత్వాన్ని తిట్టడానికి నా దగ్గర ఇంకా బోలెడు మాటలున్నాయి. కానీ ఆ మూడు వారాలను వాళ్ళ చేతిలో పెట్టింది నేను.