దిద్దని చార్టు

పెళ్లయిన రెండో ఏడు నేను నా భర్త పనిచేసే ఓడలో ఆయనతో పాటు వెళ్లాను. ఆయనది కోదాడ, మాది మిర్యాలగూడ. మా ఇంట్లో అంతవరకు సముద్రం చూసినవాళ్లే తక్కువ. సూర్యాపేట దాకా వచ్చి బస్సెక్కించేటప్పుడు అమ్మ డబ్బా నిండా చింతకాయ తొక్కు పెట్టిచ్చి, నీళ్ల మీద కడుపులో తిప్పితే నాలుక మీద వేసుకొమ్మంది.

అది సరుకులు మోసే పాత ఓడ. అందులో నా భర్త సెకండ్ ఆఫీసర్. ఓడ ఏ దారిన పోవాలో గీసి పెట్టడం ఆయన పని. సముద్రానికీ మ్యాపులుంటాయనీ, వాటిని చార్టులంటారనీ, ఎక్కడెంత లోతుందో వాటి మీద అంకెలుంటాయనీ నాకు అక్కడే తెలిసింది. నీళ్ల కింద ఇసుక కదులుతూ ఉంటుంది కాబట్టి ఆ అంకెల్ని ఎప్పటికప్పుడు దిద్దుకోవాలి, లేకపోతే కొత్త చార్టులు తెప్పించుకోవాలి. మా ఓడలోవి ఏళ్లనాటివి. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించారు. కొత్త ఓడల్లో ఇదంతా కంప్యూటర్ తెర మీదే కనిపిస్తుందట. మా రాడార్ వేడెక్కితే తెర నల్లబడేది. లోతు చెప్పే యంత్రం ఒకసారి చెప్పిన అంకెనే పట్టుకుని కూర్చునేది. కొత్త చార్టులు కావాలని నా భర్త ప్రతి రేవు నుంచీ కంపెనీకి మెయిల్ పెట్టేవాడు. వచ్చే రేవులో అందుతాయని జవాబొచ్చేది.

డెక్కు మీద పనివాళ్లకు పెద్ద ఒకాయన ఉండేవాడు. అందరూ బోసన్ అని పిలిచేవాళ్లు. శ్రీకాకుళం వైపు మనిషి. ఓడ మొత్తం మీద తెలుగువాళ్లం మేం ముగ్గురమే. నా తొక్కు సగం ఆయనే తిన్నాడు. మిర్యాలగూడ మాట వింటే నవ్వొస్తుందని, ఏదో ఒకటి మాట్లాడించి వెళ్లేవాడు.

ఆఫ్రికా తీరంలో ఒక నది సముద్రంలో కలిసే చోటికి వచ్చాం. గాలి నిండా దుమ్ము. మధ్యాహ్నమే అయినా ఒడ్డు కనపడలేదు. రేవులోకి దారి చూపించే మనిషి రావడం ఆలస్యమవుతుందని కబురొచ్చింది. ఈ అంకెలు పాతవి, ఇంకా బయటే ఆగుదామని నా భర్త అన్నాడట. ఇదే చార్టు మీద ఇంతకుముందు కూడా వచ్చానని కెప్టెన్ లోపలికి పోనిచ్చాడు.

నేను గదిలో బట్టలు మడతపెడుతున్నాను. ఓడ ఆగిపోయింది. దేన్నో గుద్దుకున్నట్టు అనిపించలేదు, దమ్ము చేసే మడిలో ట్రాక్టర్ దిగబడ్డట్టు మెల్లగా ఆగింది. బల్ల మీది గ్లాసులో నీళ్లు ఒక పక్కకు ఒరిగి, అట్లాగే ఉండిపోయాయి. చార్టులో లోతని చూపించిన చోట ఇసుక మేట వేసి ఉంది. నా ఫోన్ తీసి మ్యాపు చూశాను. నీలం రంగు మధ్యలో ఒక చుక్క ఉంది, అంతే.

మరునాడు పొద్దున ఓడను లాగడానికి టగ్ అనే పడవ వచ్చింది. చిన్నదే కానీ బలం ఎక్కువ. చేతి లావు తాడు కట్టారు. నేను డెక్కు తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే బోసన్ దూరం నుంచి కేకేశాడు.

"లోపలికెల్లిపో అమ్మా. తాడు బిగిసినప్పుడు ఇక్కడ ఉండకూడదు."

నేను లోపలికి పోయి తలుపు వేసుకుంటుండగా తాడు తెగింది. పెద్ద చప్పుడు. మళ్లీ తలుపు తీసేసరికి, తెగిన తాడు వెనక్కొచ్చి కొట్టి బోసన్ పడిపోయి ఉన్నాడు. నా భర్త పరిగెత్తుకుంటూ వచ్చి ఆయన తల ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపటికి చేత్తో బోసన్ కళ్లు మూశాడు. నేను గదిలోకి వెళ్లి, మిగిలిన బట్టలు మడతపెట్టాను.

ఓడ కదిలాక మమ్మల్ని ఇంటికి పంపించారు. ముందు మిర్యాలగూడలో మా ఇంటికే పోయాం. అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వీపు నిమిరింది.

"జర ఏడ్వు బిడ్డా. తేలికైతది."

"వస్తలేదమ్మా," అన్నాను. నిజంగానే రాలేదు. చుట్టాలు వచ్చి సముద్రం ఎట్లుంటదని అడిగేవాళ్లు. నీళ్లుంటయని చెప్పేదాన్ని.

నా భర్త మా చిన్నాన్న రైస్ మిల్లులో కూర్చోవడం మొదలుపెట్టాడు. వచ్చిన వడ్ల లారీలను పేరు పిలిచి లోపలికి పంపేవాడు. ఇంట్లో ఇద్దరం అన్నం తినేవాళ్లం, టీవీ చూసేవాళ్లం, పడుకునేవాళ్లం. పోట్లాడుకోలేదు. ఓడ మాట ఎత్తలేదు.

విచారణకు రెండుసార్లు ముంబై వెళ్లివచ్చాడు. చార్టుల కోసం పెట్టిన మెయిళ్లన్నీ చూసి, ఆయన తప్పు లేదని తేల్చారు. ఆ సంగతి ఫోన్‌లో చెప్పిన రోజు సరే సార్ అని పెట్టేసి, మిల్లుకు టైమైందని బండి తీశాడు.

వానాకాలంలో బోసన్ భార్య ఫోన్ చేసింది. నా నంబర్ ఎవరినో అడిగి తీసుకుందట. నా భర్త బాగున్నాడా అని ముందు ఆయన గురించే అడిగింది. తర్వాత తన భర్త గురించి అడిగింది.

"ఆకరికి ఏటన్నాడమ్మా?"

"నన్ను లోపలికి పొమ్మన్నడక్కా."

"ఎల్లావా?"

"పోయిన."

"మంచిపని సేసావు," అంది. మీ వైపు వానలు పడుతున్నాయా అని అడిగింది. నాట్లు అయిపోయాయని చెప్పాను. వాళ్ల పెద్దమ్మాయి నర్సు చదువుతోందని చెప్పి పెట్టేసింది. నేను చాలాసేపు ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను.

ఆ మరుసటి ఏడు ఇంకో కంపెనీ నా భర్తను పిలిచింది. కొత్త ఓడ, అన్నీ తెర మీదేనట. పక్క మీద కూర్చుని గోడ వైపు చూస్తూ అడిగాడు.

"నువ్వు కూడా వస్తవా?"

"నేను రాను. నువ్వు పోయి రా."

సరేనని తలూపాడు. ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆయన వెళ్లాక నేను సూర్యాపేటలో ఒక స్కూల్లో లెక్కలు చెప్పడానికి చేరాను. రేవుకు చేరినప్పుడల్లా ఫోన్ చేస్తాడు. ఏం తిన్నవని అడుగుతాను. చెప్తాడు. నన్నడుగుతాడు. నేనూ చెప్తాను.