జయకుమారి రాయనన్న గులాబీ చీటీలు

చిలకలూరిపేట దాటాక హైవే పక్కనున్న ఆ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో జయకుమారి పంతొమ్మిదేళ్ళుగా ఒకే కౌంటరులో కూర్చుంది. రోగి ఎంత ఇచ్చుకోగలడో తేల్చడం ఆమె పని. ఏ ఊరు, ఏం పని, పొలం సొంతమా కౌలా, సంపాదించేవాళ్ళు ఎందరు అని అడిగి చీటీ రాసిచ్చేది. తెల్ల చీటీకి వైద్యం ఉచితం, పసుపుకి సగం, గులాబీకి మొత్తం.

వాళ్ళమ్మ మిరప కోతలకు వెళ్ళిన మనిషి. సాయంత్రం మండే చేతుల్తో చంటిబిడ్డను ఎత్తుకోలేక తల్లి ఎలా ఏడ్చేదో జయకుమారికి గుర్తు. అందుకే మాటలకన్నా అరిచేతులు ఎక్కువ చూసేది. గోళ్ళకు మట్టి అంటని ఆసాములు "మాకేముందమ్మా" అని దీనంగా అంటే నిర్మొహమాటంగా గులాబీ చీటీ చేతిలో పెట్టేది.

కాలేజీకి తనిఖీ వస్తుందంటే మాత్రం ఈ రంగులేవీ ఉండవు. కాలేజీ గుర్తింపు నిలవాలంటే మంచాలు నిండుగా కనపడాలి కాబట్టి, రోగుల్ని తేవడానికి బస్సులు ఊళ్ళ మీదికి వెళ్ళేవి. ఆ వారం అందరికీ తెల్ల చీటీలే, రెండు పూటలా భోజనం. పోయిన ఏడాది అలాంటి బస్సెక్కే రహిమున్నీసా వచ్చింది. మిరపకాయల తొడిమలు తీసే కూలీ. బస్సులో వచ్చినవాళ్ళు చాలామంది వారం తిరక్కుండానే ఇళ్ళకు పోయారు. ఆమె జబ్బు నిజం జబ్బు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే పక్కటెముకల మధ్య ట్యూబు వేశారు.

తనిఖీ ముగిసిన సోమవారం ఆఫీసు మేనేజరు కార్తిక్ జయకుమారిని పిలిచాడు.

"మేడం, ఇంకా మంచాల మీదున్న పద్నాలుగు మందికి మళ్ళీ అంచనా వేయండి. టచ్ ఫోనుందా, బండుందా. ఏ ఒక్కటి ఉన్నా గులాబీయే."

"ఉచితమని మనమే తెచ్చాం కదండీ!"

"అది పోయిన వారం."

ఆ పద్నాలుగు మంది లిస్టూ కాగితాలూ తీసుకుని ఆమె వార్డుకు వెళ్ళింది.

"ఫోను మా అల్లుడి పాతదమ్మా. కూలికి మేస్త్రీ పిలిచేది దాన్లోనే," అంది రహిమున్నీసా. సంగతేమిటో అర్థం కాగానే ఆమె మొహం పాలిపోయింది. "ఉచితమంటేనే వచ్చా. కాదంటే ఈ ట్యూబు పీకెయ్యండి, పోతా."

అంతలో ప్రొఫెసర్ రాధాకృష్ణమూర్తి ఎనిమిది మంది విద్యార్థులతో వచ్చాడు. రహిమున్నీసాను పక్కకు తిప్పారు. ఒకరి తర్వాత ఒకరు వీపు మీద వేళ్ళతో తట్టారు, స్టెతస్కోపు ఆనించారు. "ఇంకోసారి ఊపిరి పీల్చమ్మా." ఆమె దగ్గుతూనే ఎనిమిది మందికీ పీల్చి చూపించింది.

"ఇంత స్పష్టంగా దొరికే కేసు అరుదు. శ్రద్ధగా వినండి," అన్నాడు ప్రొఫెసర్.

జయకుమారికి ఒళ్ళు మండిపోయింది.

"సార్! ఈ పిల్లలు లక్షలు కట్టి నేర్చుకునేది ఈమె వీపు మీదేనండీ. మరి ఈమెకి మనమెంత ఇవ్వాలి?"

ఆమె లిస్టు ఆయన ముందు పెట్టింది.

"ఇది ఆఫీసు వ్యవహారం జయకుమారి గారూ. నాకు తెలియదు."

"తెలియకపోవడం మీకు తేలికే సార్. అడగాల్సిన నోరు నాది. పాఠానికి ఉంచుకున్న రోగి దగ్గర రూపాయి తీసుకోకూడదని మన నిబంధనల్లోనే ఉంది. నేను చేరినప్పుడు గోడకి అంటించి ఉండేది. మీరు సంతకం పెడితే చాలు."

విద్యార్థులు చూస్తున్నారు. ఆయన పెన్ను తీశాడు. రహిమున్నీసా కాగితం మీద సంతకం అవగానే మిగతావి కూడా చాపింది.

"అందరూ టీచింగ్ కేసులేనా?"

"మీ పిల్లలు చెయ్యి వెయ్యనివాళ్ళెవరో చెప్పండి. వాళ్ళవి తీసేస్తా."

పది మందికి సంతకాలయ్యాయి. మిగతా నలుగురూ వేరే వార్డు. అక్కడి డాక్టరు కాగితాలు తాకనైనా లేదు. ఆ నలుగురికీ చీటీ రాయనని జయకుమారి చెప్పేస్తే కార్తిక్ తనే గులాబీ చీటీలు రాశాడు. వాళ్ళలో అద్దంకి నుంచి వచ్చిన ముసలాయన కుట్లు విప్పకుండానే ఆ సాయంత్రం బస్సెక్కేశాడు. ఆయన సంగతి తలచుకుంటే జయకుమారికి ఇప్పటికీ అన్నం సయించదు.

"అంత ప్రేముంటే మీ జీతంలోంచి కట్టండి," అన్నాడు కార్తిక్, ఆ చీటీలు రాస్తూ.

"ప్రేమ కాదు బాబూ, కోపం. అబద్ధమాడి తీసుకొచ్చి జేబులు తడుముతారా?"

మర్నాడే ఆమెను పాత రికార్డుల గదికి మార్చారు. రహిమున్నీసా పదకొండో రోజున నయమై, పైసా కట్టకుండా ఇంటికి వెళ్ళింది.

జయకుమారి మాత్రం ఊరుకోలేదు. భోజనాల వేళ ఓపీ వరస పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"తెల్లకోటు పిల్లలు గుంపుగా మీ మంచం దగ్గరికొస్తే, టీచింగ్ కేసని ముందు రాయమనండి. ఆ తర్వాతే చొక్కా విప్పండి."

సెక్యూరిటీ అతను ప్రాధేయపడ్డాడు. "మేడం, నా ఉద్యోగం పోద్ది."

"అయితే అటు తిరిగి నిలబడు."

నెల తిరిగేసరికి రోగులు నిజంగానే అడగసాగారు. సత్తెనపల్లి నుంచి వచ్చిన పత్తి కూలీ ఒకామె, కాగితం చూపించేదాకా దుప్పటి తీయనని భీష్మించుకు కూర్చుంది. ఇప్పటికి జయకుమారికి మూడు మెమోలొచ్చాయి. వాటికి జవాబుగా ఆమె రాసింది ఒకటే మాట: "ఆ నిబంధన మళ్ళీ గోడకి అంటించండి." ఇంకా అంటించలేదు. ఆమె ఇంకా వరస దగ్గరికి వెళ్తూనే ఉంది.