మాదయ్య పోసిన ముగ్గు

కారిమంగళం పక్క ఊళ్లో మాదయ్య అంటే ఎవరూ గుర్తుపట్టరు, ఫిరంగి మాదయ్య అనాలి. ఇరవైనాలుగేళ్లు సైన్యంలో ఫిరంగికి గురి పెట్టి వచ్చిన మనిషి. ఆయన శత్రువును కళ్లారా చూసి పేల్చాడనే అందరి నమ్మకం. నిజానికి ఒక్క లక్ష్యాన్నీ చూసిన పాపాన పోలేదు. ఫిరంగికి కాస్త దూరాన నాటిన రెండు కర్రలు ఒకే వరసలో కనబడేదాకా గురి అద్దంలో చూసి తిప్పడం, చెప్పిన అంకెలు పెట్టడం, ఇదీ ఆయన వీరత్వం. గుండు ఎక్కడ పడిందో కొండమీదివాడు చూసి "కుడికి యాభై" అని వైర్‌లెస్‌లో చెబితే, ఆ మాటే గట్టిగా తిరిగి అప్పజెప్పి సరిచేయాలి. ఈ సంగతి మాత్రం ఊళ్లో చెప్పలేదు. చెబితే టీకొట్టు బెంచీ మీద చోటివ్వరని భయం.

ఆ ఇరవైనాలుగేళ్లూ ఆయన భార్య పచ్చయమ్మాళ్ ఇతరుల ఇళ్లకు ఇటుకలు మోసింది. ఎన్ని వంటిళ్లకు మోసినా, తన వంట వాకిట్లో మూడు రాళ్ల మీదే. ఇప్పుడు గుడిసె పక్కన సొంత ఇల్లు లేస్తోంది. ఆమె అడిగింది ఒకటే: రుబ్బురోలు పెట్టినా మనిషి తిరగగలిగే వంటిల్లు.

పునాదికి ముగ్గు పోసే రోజు, ఆమె తమ్ముడు మేస్త్రీ మునియన్ దారం ఉండ తీశాడు.

"దారమెందుకురా? పదిహేడు కిలోమీటర్లు గురి పెట్టినోణ్ణి, పదిహేడు అడుగులు పెట్టలేనా?" అన్నాడు మాదయ్య.

కంటద్దాలు గుడిసెలో ఉన్నాయి. అవి పెట్టుకుంటే ఫిరంగి మాదయ్య పరువేం కావాలి? రెండు కర్రలు నాటి, దూరాన గట్టుమీద తెల్లగా కనబడిన రాయిని గుర్తు పెట్టుకున్నాడు. గుర్తు ఎంత దూరమైతే తప్పు అంత తగ్గుతుందని సైన్యంలో నేర్చిన పాఠం. ఒక గోడకు ముగ్గు పోసి, పచ్చయమ్మాళ్ తెచ్చిన సంగటి తిని, రెండో గోడకూ ఆ తెల్లరాయికే గురి పెట్టి, ఒక కన్ను మూసి నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఆ తెల్లది..." అంటూ ఆమె ఏదో చెప్పబోయింది.

"గురి పెట్టేటప్పుడు మాట్లాడగూడదు!"

సాయంత్రం, గాడి సగం తవ్వాక మునియన్ టేపు పట్టి నోరు తెరిచాడు. ముందుగదిలో పదడుగులున్న వెడల్పు వంటింటికి వచ్చేసరికి ఐదున్నర అయింది. మాదయ్య గట్టువైపు చూశాడు. ఆయన రాయి తోక ఊపుకుంటూ చెరకుతోటలోకి పోతోంది.

ముందు ఎద్దును తిట్టాడు. తర్వాత ఎద్దుగలవాణ్ణి తిట్టాడు. ఇంకెవరూ మిగలక పెళ్లాం వైపు తిరిగాడు. పచ్చయమ్మాళ్ మొదటి గోడ గాడిలో పార ఆనించి నిలబడి ఉంది. రెండో గోడ జోలికి ఆమె పోనేలేదని అప్పుడు చూశాడు.

"సంగటి తెచ్చినప్పుడే చూసినాను, అది ఎద్దని. చెప్పనిస్తివా నువ్వు?" అంది.

మాదయ్యకు కొండమీదివాడు గుర్తొచ్చాడు. ముఖమైనా తెలియనివాడు చెబితే ఇన్నేళ్లు మారుమాట్లాడకుండా విన్నాడు. ఇన్నేళ్లు ఇల్లు మోసిన మనిషి ఎదురుగా నిలబడి చెప్పబోతే నోరు మూయించాడు. సిగ్గేసింది. గుడిసెలోకి పోయి కంటద్దాలు పెట్టుకొచ్చి, కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పు."

"ఎడమకి నాలుగున్నర అడుగులు."

మునియన్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. మాదయ్య నిటారుగా నిలబడి, టీకొట్టు దాకా వినబడేట్టు అప్పజెప్పాడు:

"ఎడమకి నాలుగున్నర అడుగులు!"