శాపం కాదని చెప్పిన అత్త

పోయిన మంగళవారం పొద్దున చిలకలూరిపేట నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త ఇక లేదు. యాభై రెండేళ్ళు. మా తాత సంతానంలో యాభై దాటింది ఆమె ఒక్కతే.

తాత నడుము మీద కణితితో పోయాడు. నాన్నకు తొడ కండరంలో వచ్చింది; నాకప్పుడు పదేళ్ళు. అత్త కొడుకు చెంప వాచి, నాలుగో ఏటనే పోయాడు. మాది శాపం తగిలిన ఇల్లని ఊళ్ళో అనేవాళ్ళు. మేమూ నమ్మాం.

తొంభైల చివర్లో ఒకరోజు స్నానం చేస్తుంటే అత్త మోచేతి పైన ఏదో గట్టిగా తగిలింది. నొప్పి లేదు. అందరూ బెణుకన్నారు. ఆమె ఆ మధ్యాహ్నమే గుంటూరు బస్సెక్కింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా?" అని డాక్టరుగారు అడిగారట. అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న. ఐదో తరగతితో చదువాగిన అత్త, ఎవరికి ఏ వయసులో ఎక్కడ కణితి లేచిందో తడుముకోకుండా చెప్పింది. కొడుకు సంగతి మాత్రం అందరికంటే చివర్న చెప్పిందట. ఆపరేషన్ అయ్యాక ఆమె రక్తం పరీక్షకు పంపారు. నెలల తర్వాత సంగతి తెలిసింది: కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసే జన్యువొకటి మా వంశంలో లోపంతో దిగుతోంది.

ఆ కాగితంతో నేరుగా మా ఇంటికి వచ్చింది.

"ఇది శాపం కాదు వదినా. పుట్టుకతో వచ్చేది. బిడ్డకి రావచ్చు, రాకపోవచ్చు, సగం సగం. పిల్లకి పరీక్ష చేయిద్దాం."

మా అమ్మ గబుక్కున తలుపు మూసింది. "గట్టిగా అనకమ్మా! బయటికి పొక్కితే దీనికి సంబంధాలొస్తాయా?"

"నేను నోరు మూసుకుంటే లోపల పెరిగేది ఆగుద్దా? నా కొడుకప్పుడు ఈ మాట చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు నేనున్నా."

అమ్మ ఏడ్చింది. అత్త పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది కానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

పద్దెనిమిది నిండాక పరీక్ష చేయించుకున్నాను. లోపం నాకూ ఉంది. బస్టాండు బెంచీ మీద ఏడుస్తుంటే అత్త సోడా కొనిచ్చింది. "జబ్బొచ్చిందనలేదుగా అమ్మాయ్! కనిపెట్టుకుని ఉండమన్నారు, అంతే. ముందు తాగు."

ఏటా తానే ఆస్పత్రికి తీసుకెళ్ళేది. మూడో ఏడు నా కుడి భుజం వెనక శనగగింజంత గడ్డ దొరికింది. ముదరకముందే తీసేశారు. ఇవాళ ఇది రాస్తున్నది ఆ చేత్తోనే.

నా పెళ్ళిచూపుల్లోనూ అత్తే అంతా విప్పి చెప్పింది. రెండు సంబంధాలు వెనక్కి వెళ్ళాయి. మూడో సంబంధం అబ్బాయి మరుసటి ఏడు ఆస్పత్రి వరండాలో నా పక్కన కూర్చున్నాడు.

రెండోసారి ఆమెకు ఊపిరితిత్తుల్లో వచ్చింది. అప్పుడూ బెదరలేదు. "నా కొడుక్కి ఇది ఇచ్చింది నేనేగా" అని మాత్రం ఒకే ఒక్కసారి అంది.

ఆమెను చివరిసారి ఫాల్గుణంలో చూశాను. కల్లం నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. ఆయాసపడుతూనే, కుచ్చెళ్ళు ఎగదోపుకుని, వట్టి పాదాలు ఈడుస్తూ ఆ ఎరుపులో నెమ్మదిగా నడుస్తోంది. ఆమె దాటిన వెంబడే కాయలు తిరగబడి, వాటి తడివైపు ఎండకు వస్తోంది.